చుక్క చెప్పిన చాడీ

మా ఇంట్లో ఉలవచారు కాగే రోజున నాకు గుర్రం గుర్తొస్తుంది. ఈ మాట పైకంటే మా ఆవిడకు కోపం. ఆమె పొద్దుటి నుంచీ సన్నసెగ మీద పెట్టి, పులుపూ తాలింపూ చూసుకుంటూ కాస్తే, నేను గిన్నె మూత తీసి "అచ్చం మా తాత కొట్టం వాసనే" అంటాను మరి. ఆమె తిట్టనుకుంటుంది. నా లెక్కలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

మా తాత ఇంట్లో తెల్లారకముందే పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. గుగ్గిళ్లు గుర్రానికి, ఉడికిన నీళ్లు మాకు చారుకు. ముందు దాని వంతు, తర్వాతే మనుషులది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని అవ్వ సణుగుతూ గంప నింపేది. మా గుర్రానికి రెండు కళ్లూ బ్రహ్మాండంగా ఉండేవి. అవ్వ ఆ సామెత అంటున్నది గుర్రాన్ని కాదని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

మాది దోర్నాలకు ఆరేడు మైళ్ల దూరంలో, నల్లమల కొండల కాళ్ల దగ్గరి పల్లె. ప్రకాశం జిల్లా అనగానే అందరూ ఒంగోలు గిత్తలు, పొగాకు బ్యారన్లు, సముద్రపు గాలి అంటారు. అప్పట్లో ఆ జిల్లా ఉత్తరపు కొసలో ఉన్న మా వైపు అవేవీ లేవు. తెల్లారి వాకిలి తీస్తే ఎదురుగా కొండ, కొండ వెనక ఇంకో కొండ. 1960లో నేను పుట్టినప్పుడు అది కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు. 1972 చివర్లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. "మనం ఇక్కడ్నే ఉన్నాం గదరా, జిల్లాలే మన మీదుగా నడిచిపోతున్నాయి" అనేవాడు తాత.

మా నాన్నకు బదిలీల ఉద్యోగం. నా చదువు చెడిపోతుందని నన్ను తాత దగ్గర ఉంచారు. చదువు ఎంత బాగుపడిందో నాకూ మా సారుకూ తెలుసు.

తాత ఒక వెదురు కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అడవిలో పది పన్నెండు మైళ్ల లోపల వెదురు నరికే చోటు, కూపు అంటారు. నరికిన వెదుళ్లు లెక్కేసి, కూలి పంచి, బండ్లకు పర్మిట్లు రాసివ్వాలి. సైకిలు పోదు, ఎడ్లబండి పోయినా మనిషి నడుములు విరుగుతాయి. అందుకని గుర్రం. రాజులెక్కే గుర్రం అనుకునేరు, పొట్టి తట్టువ. నిలబడితే తాత భుజం దాకా వచ్చేది. ఎర్రమట్టి రంగు, నుదుట తెల్లటి మచ్చ. అందుకే పేరు చుక్క.

చుక్క దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, గుర్రం అబద్ధమాడుతుందని. జీను వేసి కడుపు కింద పట్టీ బిగిస్తుంటే అది గాలి పీల్చి పొట్ట ఉబ్బించి పెట్టుకునేది. మనం గట్టిగా బిగించామని మురిసిపోతాం. నాలుగడుగులు వేశాక అది తీరిగ్గా గాలి వదులుతుంది, పట్టీ జారుతుంది, జీను పక్కకు తిరుగుతుంది. నేను తీగలేరు ఇసకలో నడుం మీద పడ్డాను. చుక్క ఆగి, మెడ తిప్పి నన్ను చూసి, పక్కనున్న గరిక మేయడం మొదలుపెట్టింది. తాత నన్ను లేపలేదు. "పట్టీ బిగించి, దాన్ని కాస్త నడిపించి, మళ్లీ బిగించాల. రెండోసారి బిగించిందే లెక్క" అని బీడీ ముట్టించాడు.

తాత నేర్పేదంతా ఇట్లా పడ్డాకే. ఎగువకు పోయేటప్పుడు జూలు పట్టుకుని ముందుకు వాలాలి, దిగువకు వచ్చేటప్పుడు వెనక్కి. గుండ్రాళ్ల మీద కళ్లెం లాగకూడదు, కాలు ఎక్కడ పెట్టాలో మనకంటే దానికి బాగా తెలుసు. వెనక నుంచి చప్పుడు లేకుండా పోకూడదు. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక చుట్టూ దాదాపు అంతా కనపడుతుంది, సరిగ్గా తోక వెనకా ముక్కు ముందూ తప్ప. నాలుగు కాళ్లున్నా అది భయస్తురాలు. జడిసిందంటే తన్నడమో పరుగో, మూడో ఆలోచన లేదు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతగాదనీ, తిన్నది వికటిస్తే పైకి రాదు గనక శూల వస్తే ప్రాణం మీదికేననీ తాత పదేపదే చెప్పేవాడు. దాని మేత విషయంలో ఆయనకున్న శ్రద్ధ మా తిండి విషయంలో ఉండేది కాదు.

సాయంత్రం ఇల్లు చేరాక పని ఇంకా ఎక్కువ. జీను విప్పితే వీపు మీద నుంచి ఆవిరి లేచేది. కొబ్బరిపీచుతో ఒళ్లంతా రుద్దాలి. చెవుల్లో, తోక కింద పిడుదులు ఏరి నిప్పుల్లో వేయాలి, చిటుక్కుమనేవి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు పుల్లతో పెళ్లగించాలి. జీను ఒరుసుకున్న చోట పసుపూ వేపనూనే. అప్పటికి నా ఒంటి నిండా గుర్రం వాసనే. అవ్వ నన్ను వసారాలోకి కూడా రానిచ్చేది కాదు, బావి దగ్గరే రెండు బిందెలు కుమ్మరించేది.

ఇక వేట సంగతి. తాతకు వేట పిచ్చి ఉందని మా బంధువుల్లో పేరు. ఆయన వెంట తిరిగినవాడిగా చెప్తున్నాను, ఆ వేటలో పదహారణాలకు పదణాలు గుర్రపు చాకిరీ, అయిదణాలు తిరుగుడు. మిగిలిన అణా వేట. ఆ అణాలో కూడా ముక్కాలు వంతు ఉత్త చేతులతో తిరిగి రావడమే.

ఉన్నది మందు కూరే ఒంటిగొట్టం తుపాకి. లైసెన్సు ఉండేది. ఎలక్షన్లొస్తే తీసుకుపోయి స్టేషన్లో అప్పజెప్పి రావాలి. ఒక్కసారి పేల్చాలంటే గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి, గజం కడ్డీతో దట్టించి, రవలు పోసి, మళ్లీ పీచు కుక్కి, వెనక నిప్పు రవ్వ పుట్టించే చిన్న టోపీ పెట్టాలి. ఇదంతా అయ్యేదాకా ఆగే జంతువు ఏదైనా ఉంటే అది జబ్బుతో ఉన్నదై ఉండాలి. అందుకని ఒక్కటే దెబ్బ. తప్పితే ఇంటికే.

గుర్రమ్మీద కూర్చుని పేల్చడం బొమ్మల్లోనే. నిజంగా చేస్తే తుపాకి ఒకవైపు, మనం ఒకవైపు, గుర్రం మూడు కొండల అవతల. చుక్కను వాగు ఇవతల, గాలి మావైపు వీచే చోట కట్టేసి మేం నడిచిపోయేవాళ్లం. బయలు చోటైతే తాత ఇంకో ఎత్తు వేసేవాడు. చుక్కను మేస్తున్నట్టే మెల్లగా నడిపిస్తూ, దాని అవతలి పక్కన తను వంగి నడిచేవాడు. దుప్పులకు రెండు కాళ్ల నడకంటే అనుమానం. మేసే పశువును చూసి అంతగా బెదరవు. గుర్రం కాళ్ల మధ్య నుంచి తాత కాళ్లు కూడా కనపడతాయి గదా అని నేనడిగితే, దుప్పికి లెక్కలు రావన్నాడు.

తోడుకు ఒక చెంచు మనిషి వచ్చేవాడు. నేను గూడెం మామ అని పిలిచేవాణ్ని. ఆయన విల్లు పట్టుకుని వచ్చినా వేటాడింది తక్కువ, చూపించింది ఎక్కువ. తపసి చెట్టుకు ఎవరు గాటు పెట్టి బంక తీసుకుపోయారో, కొండముచ్చులు ఏ చెట్టు మీద కాయలు రాలుస్తున్నాయో, వాటి కింద దుప్పులు ఎందుకు చేరతాయో. పైన కొండముచ్చు దగ్గినట్టు అరిచిందంటే చిరుతనో పులినో చూసిందని అర్థం. తాత తుపాకి కంటే మామ చెవులే మాకు పెద్ద అండ. నన్ను అడిగితే వాటి కంటే చుక్క చెవులు ఇంకా పెద్ద అండ. అవి రెండూ ఒకే వైపు నిక్కి ఆగిపోయాయంటే మామ కూడా ఆగిపోయేవాడు.

వేటకు మంచి కాలం ఇప్ప పూసే కాలం. ఉగాది ముందూ వెనకలుగా ఇప్పచెట్లు ఆకు రాల్చి పూస్తాయి. పువ్వు రాత్రంతా విచ్చి తెల్లవారుజామున టపటపా రాలుతుంది. లేత పసుపు, ముట్టుకుంటే జిగట, తియ్యటి మత్తు వాసన. ఆ వాసనకు అడవి మొత్తం కదులుతుంది. దుప్పులు, కణుతులనే సాంబర్ జింకలు, ఎలుగొడ్లు, వాటితోపాటు గంపలు పట్టుకుని చెంచు ఆడవాళ్లు. ఒకే చెట్టు కింద అందరూ, వేళలు పంచుకున్నట్టు వచ్చి పోయేవాళ్లు. మేం చీకటితోనే పోయి చాటున కూర్చునేవాళ్లం. బీడీ లేదు, దగ్గు లేదు, గోకుడు లేదు. ఒకసారి మేం మాటు వేసిన చెట్టు కిందికి ఎలుగొడ్డు వచ్చి, గంటసేపు బుస్సుబుస్సున పీలుస్తూ పువ్వంతా తిని, తిన్నచోటే చతికిలబడింది. దానికీ ఇల్లు పోబుద్ధి కాలేదు. మేం కాళ్లు తిమ్మిరెక్కి కూర్చున్నాం. పొద్దు నెత్తికెక్కాక అది లేచి పోయింది, మేమూ లేచి పోయాం. ఆ రోజు వేట అంతే.

దుప్పిని కొట్టింది నేను చూసినంతలో రెండుసార్లు. ఒకటి బాగా గుర్తుంది. చప్పుడుకు చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచి, తర్వాత ఎంతసేపటికీ అడవిలో కిక్కురుమనే శబ్దం లేదు. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ల తర్వాత రాసుకుంటున్నాను గదా అని వచ్చిందని చెప్పను. ఆకలేసింది, అంతే. చుక్కకు మాత్రం నెత్తుటి వాసన పడదు. వీపు మీద ఎత్తబోతే గిరగిరా తిరిగింది. తాత కండువాతో దాని కళ్లకు గంతలు కట్టి, చెవి దగ్గర ఏదో చెప్తూ ఎక్కించాడు. ఇల్లు చేరేదాకా చర్మం వణుకుతూనే ఉంది దానికి. సగం మాంసం మామతో గూడేనికి పోయింది. మా వాటాలో ఆ పూట కూర, మిగిలింది అవ్వ ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసిన ఉప్పుకండ. సజ్జరొట్టెలోకి దాన్ని నిప్పుల మీద కాల్చి నలగ్గొట్టి పెట్టేది. ఆ రుచి బాగుండేది. ఇప్పుడు ఈ మాట అనకూడదని తెలుసు. బాగుండేది.

అసలు చెప్పాలనుకున్నది ఆ 1972 వేసవి సంగతి. నాది ఏడో తరగతి. ఎల్లుండి పరీక్ష. నేను మాత్రం తాతతో కూపులో ఉన్నాను, ఎందుకున్నానని అడక్కండి. కూపు చూడటానికి పై అధికారులు వస్తున్నారని కబురొచ్చి తాత కదలలేని పరిస్థితి. వెదురు బండ్లు మూడు మధ్యాహ్నం బయలుదేరుతున్నాయి. "చుక్క మీద బండ్ల వెంట పో. ముందు మాత్రం పోబాక" అని నాలుగుసార్లు చెప్పాడు. నేను నాలుగుసార్లూ తలూపాను.

ఎడ్లబండి వెనక గుర్రమ్మీద పోవడం ఎట్లా ఉంటుందో పోయినవాడికే తెలుస్తుంది. దుమ్మంతా మన నోట్లోకే. మొదటి వాగు దాటగానే బండ్లను దాటేశాను. బండివాళ్లు కేకేశారు, వినపడనట్టు దౌడు తీయించాను. ఒక గంట నేను మహారాజును. తర్వాత పెద్ద బండారు చెట్టు దగ్గర బాట రెండుగా చీలింది. కుడివైపా, ఎడమవైపా? వచ్చేటప్పుడు తాత వెనక నిద్రపోతూ వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

దారి తెలియకపోతే పగ్గం వదిలెయ్, చుక్కే ఇంటికి చేరుస్తుందని తాత ఎప్పుడూ అనేవాడు. వదిలేశాను. చుక్క ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఎడమవైపు బాట పట్టింది. అదీ మామూలు నడక కాదు, ఇల్లు దగ్గరపడితే వేసే చురుకు నడక. హమ్మయ్య అనుకున్నాను. అడ్డదారి కాబోలు, ఇంటికి పెందలాడే చేరతాననుకున్నాను.

పొద్దు వాలింది. ఊరు రాలేదు. చెట్లు చిక్కబడ్డాయి. ఎక్కడో కణితి ఢాంక్ అని అరిచింది. నా గుండె గొంతులోకి వచ్చింది గాని చుక్క చెవులు హాయిగా వేలాడుతున్నాయి. అంతలో పొగ వాసన, ఆ వెంటనే కుక్కల అరుపులు, ఏడెనిమిది గుండ్రటి గుడిసెలు. చెంచుల పెంట అది, వాళ్ల గూడేన్ని అట్లాగే అంటారు. కుక్కలు మీదికి దూకబోయి, చుక్కను చూసి తోకలూపడం మొదలుపెట్టాయి. చుక్క నేరుగా చివరి గుడిసె ముందుకు పోయి, కట్టుగొయ్య దగ్గర నిలబడింది. రోజూ కట్టే కొయ్యలాగే నున్నగా అరిగి ఉంది అది.

గుడిసెలోంచి ఒక ముసలమ్మ వచ్చింది. మసక వెలుతురు. నా మొహం చూడకుండానే గంపెడు ఎండు ఇప్పపువ్వు తెచ్చి చుక్క ముందు పెట్టింది. మళ్లీ లోపలికి పోయి ఆకుదొప్ప నిండా ఏదో పట్టుకుని వచ్చి, "ఈ పొద్దు ఆలస్యమాయెనే సామీ" అంటూ పైకి చాచింది. అప్పుడు చూసింది నన్ను. దొప్ప చటుక్కున వీపు వెనక్కి పోయింది. వాసన మాత్రం దాగలేదు. ఇప్పసారా అప్పటిదాకా నేను చూడలేదు గాని తాత కండువా వాసన నాకు కొత్త కాదు. పొగాకు వాసన అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.

గూడెం మామ ఆ పెంటలోనే ఉన్నాడు. నన్ను చూసి కాసేపు నోరు తెరిచి, తర్వాత నేలమీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నాకు తేనె పోసి జొన్నన్నం పెట్టారు. చుక్క తన గంప తను ఖాళీ చేసింది. ఆ తర్వాత మామ వెదురు దివిటీ వెలిగించి, కళ్లెం పట్టుకుని అడవిలో అంత దూరమూ నన్ను నడిపించి ఊరి చెరువుకట్ట దగ్గర దింపాడు. "దారి తప్పినానని చెప్పు, అవ్వకు ఇంకేం చెప్పబాక" అన్నాడు. ఊళ్లోకి రాలేదు.

బండ్లు ఎప్పుడో వచ్చేసినట్టున్నాయి. అవ్వ లాంతరు పట్టుకుని వాకిట్లో ఉంది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "ఎక్కడికి పోయినావురా?" అంది. "దారి తప్పింది అవ్వా." అవ్వ నన్ను వదిలి చుక్క దగ్గరికి పోయింది. దాని మూతి రెండు చేతుల్లోకి తీసుకుని వాసన చూసింది.

"గుర్రానికి దారి తప్పదురా" అంది. అంతే. లోపలికి పోయి, ఆ రాత్రప్పుడు, చుక్కకు ఇంకో గంప గుగ్గిళ్లు తెచ్చి పెట్టింది.

రెండు రోజులకు తాత వచ్చాడు. అవ్వ ఏమీ మాట్లాడలేదు. అన్నం వడ్డించి, చారు పోస్తూ, గోడకేసి చూస్తూ, "చుక్కకు ఇప్పపువ్వు ఎవరు అలవాటు చేసినారో" అంది. తాతకు పొలమారింది. నన్ను చూశాడు. నేను చారులో ఉలవ గింజ వెతుక్కుంటున్నాను. చేయి కడుక్కునేటప్పుడు బావి దగ్గర, "నువ్వు చెప్పినావా?" అన్నాడు గొంతు తగ్గించి. "నేను కాదు తాతా, చుక్క చెప్పింది" అన్నాను. కాసేపు ఆలోచించి, "అదీ అబద్ధం చెప్పుండచ్చు గదా" అన్నాడు.

పరీక్ష గట్టెక్కింది. ఎట్లా గట్టెక్కిందో సారు దయ.

ఆ ఏడే వన్యప్రాణుల చట్టం వచ్చింది. దాని మాట మా పల్లెల దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒక ఎలక్షన్లలో తాత తుపాకి స్టేషన్లో ఇచ్చి, మళ్లీ తెచ్చుకోలేదు. చట్టం గురించి ఆయన ఒక్క మాటా అనలేదు, మోకాళ్ల నొప్పులన్నాడు. 1978లో ఆ అడవిని శాంక్చురీ చేశారు, 1983లో పులుల ప్రాజెక్టులో చేర్చారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అంటే మా దుప్పులూ ఎలుగొడ్లూ కూడా అందులోవే. ఇప్పుడు దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ పొద్దున ఆరుకే తీసేది. మేం అర్ధరాత్రి దివిటీతో నడిచిన అడవి అది. గేటు వేయడమే మంచిది. మాలాంటి వాళ్లం ఇంకో రెండు తరాలు అణా వంతు వేటాడినా ఏమీ మిగిలేది కాదు. ఆ కొండల అడుగున ఇప్పుడు వెలిగొండ సొరంగాలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు, కృష్ణ నీళ్లు ఇటు తేవడానికి తవ్వారు. చుక్క మీద ఎక్కి దిగడానికి మాకు ఒక పూట పట్టేది.

చుక్క సంగతి చెప్పలేదు గదా. కూపుకు లారీ బాట పడ్డాక తాతకు గుర్రంతో పని లేకపోయింది. మార్కాపురంలో జట్కా తోలే సాయిబు ఒకాయన వచ్చి, పళ్లు చూసి వయసు కట్టి, బేరమాడి తోలుకుపోయాడు. ఊరికీ రైల్వే స్టేషనుకూ మధ్య మూడు మైళ్లు. మీటరుగేజి రైలుకు మనుషుల్ని దింపి తెచ్చే పని. చుక్క పోయిన రోజు తాత కొట్టంలోనే పడుకున్నాడు. అవ్వ అలవాటుగా ఉలవలు నానేసింది.

ఆరు నెలలకు ఆ సాయిబే మా ఊరికి వచ్చాడు. అలసిపోయినట్టున్నాడు. అవ్వ మజ్జిగ ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, తాతనడిగాడు.

"గుర్రం బంగారం పెద్దాయనా, వంక పెట్టేది లేదు. ఒక్కటే బాధ. స్టేషను దారిలో సారాయి కొట్టుంది. దాని ముందు నిలబడితే కొరడా తీసినా కదలదు. లోపల్నుంచి ఎవరో వచ్చేదాకా చూస్తా ఉంటుంది. నాకా, తాగుడు అలవాటు లేదు. జట్కాలో కూర్చున్నోళ్లు రైలు పోతుందని నన్ను తిడతారు. ఏం నేర్పినావయ్యా దీనికి?"

తాత బీడీ కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. బీడీ ఆయన చెవి మీదే ఉంది.

"నన్నడుగు సాయిబూ" అంది లోపల్నుంచి అవ్వ. "నేను చెప్తా, కూర్చో."